డెబ్బై ఒకటో గంట

(స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం ‘పూర్వ విద్యార్థుల ముచ్చట్లు’ కార్యక్రమంలో 1996 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పదిహేను నిమిషాలిచ్చారు. పొద్దుట్నుంచి మాట్లాడినవాళ్ళు తమ ఉద్యోగాల గురించీ, బడికి కట్టించాల్సిన గదుల గురించీ చెప్పారు. నేను వీడియో గేముల గురించి మాట్లాడతానంటే కమిటీవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి, “సరే, భోజనాలయ్యాక పెడదాం, ఎలాగూ అందరూ కునుకు తీస్తారు” అన్నారు. మాస్టార్లు కునుకు తీసినా నేనేమీ అనుకోను. మీ క్లాసుల్లో నేను చాలాసార్లు తీశాను. లెక్క సరిపోతుంది.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. జపాన్‌వాళ్ళు చేసే గేముల్లో జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్ అని ఒక రకం ఉంది. పొట్టిగా జె.ఆర్.పి.జి. అంటారు. విఠలాచార్య సినిమా అనుకోండి. పల్లెటూరి కుర్రాడు ఒకరోజు ఇల్లు వదిలి బయల్దేరతాడు. దారిలో స్నేహితులు కలుస్తారు, మంత్రాలు నేర్చుకుంటారు, చివర్లో పెద్ద రాక్షసుడు. తేడా ఏమిటంటే ఇక్కడ కాంతారావు మీరే. ఏ ఊరు వెళ్ళాలో, ఎవరి తలుపు తట్టాలో మీరే చూసుకోవాలి. యుద్ధం కూడా చాలా ఆటల్లో వైకుంఠపాళిలాగే నీ వంతు, నా వంతు. తీరిగ్గా ఆలోచించుకుని కొట్టవచ్చు. చేతి వేగం లేని నాలాంటివాడికి అందుకే నచ్చింది. కబడ్డీలో నన్ను మూడేళ్ళూ ఎక్స్‌ట్రాగా కూర్చోబెట్టిన డ్రిల్లు మాస్టారికి నా వేగం సంగతి తెలుసు.

ఈ రకానికి జపాన్‌లో దారి వేసింది 1986లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’. యూజి హొరీ తయారుచేసిన ఆట, అకిరా తొరియామా బొమ్మలు, కొయిచి సుగియామా సంగీతం. ఆట మొత్తం 64 కిలోబైట్లు. మన వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం పువ్వు బొమ్మ అంతకంటే బరువుంటుంది. చోటు చాలక కటకానా అక్షరాలన్నీ పెట్టలేదు. పెట్టిన కొద్ది అక్షరాలతోనే రాక్షసుల పేర్లూ మంత్రాల పేర్లూ కుదుర్చుకున్నారు. ఆపిన చోటు నుంచి మళ్ళీ ఆడాలంటే తెర మీద కనిపించే 20 అక్షరాల మంత్రాన్ని కాగితం మీద ఎక్కించుకోవాలి. ఒక్క అక్షరం తప్పితే అంతే సంగతులు. 1988లో మూడో భాగం వచ్చేసరికి ఇంకా చోటు కావలసి వచ్చి, మొదట్లో వచ్చే పేరు బొమ్మనే తీసేశారు. మా తెలుగు మాస్టారు పేరా ఇచ్చి మూడో వంతుకు కుదించమనేవారే, ఆ పనే వాళ్ళు యంత్రం ముందు కూర్చుని చేశారన్నమాట. ఆయన మాత్రం అందుకు అయిదు మార్కులే ఇచ్చేవారు.

ఇవేవీ నాకప్పుడు తెలియవు. ఎనిమిదో తరగతిలో ఉండగా మా బాబాయి రాజమండ్రి నుంచి టీవీ గేమ్ తెచ్చాడు. డబ్బా మీద 9999 ఆటలని ఉండేది, ఉన్నవి పదో పన్నెండో. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి అది నకలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆదివారం మా ఇంటికి వచ్చి నాతో ఆ ఆటలు ఆడింది నా బెంచీవాడు. పేరు చెప్పనక్కర్లేదు, మీ అందరికీ తెలుసు. అదిగో మూడో వరసలో కూర్చుని, నేనేం చెబుతానో అని నా వంకే చూస్తున్నాడు.

ఇద్దరం ఇంటర్ తర్వాత ఒకే కాలేజీలో చేరాం. 2000లో హాస్టల్ గదిలో నలుగురం కలిసి కంప్యూటర్ కొన్నాం. దాని మీద ఎమ్యులేటర్ పెట్టి ‘క్రోనో ట్రిగ్గర్’ ఆడాం. దొంగ కాపీయే, ఒప్పుకుంటున్నాను. తర్వాత డబ్బిచ్చి రెండుసార్లు కొని పాపం కడుక్కున్నాను. అది 1995లో వచ్చిన ఆట. అందులో ఒక్క ఘట్టం చెబుతాను.

మొదట్లో ఒక తిరునాళ్ళ ఉంటుంది. కుర్రాడు అక్కడ ఒక అమ్మాయిని గుద్దుకుంటాడు. ఇద్దరూ పడిపోతారు, ఆమె మెళ్ళోది జారి పడుతుంది. ముందు అమ్మాయిని పలకరిస్తారా, ఆ నగని తీస్తారా? బల్ల మీద ఎవరిదో భోజనం ఉంది, తినేయవచ్చు. ఒక పాప పిల్లి తప్పిపోయింది, వెతికి ఇవ్వవచ్చు, మానేయవచ్చు. మనం ఇవన్నీ ఆటలో వినోదం అనుకుని చేసేస్తాం. కాసేపటికి కుర్రాణ్ణి కోర్టులో నిలబెడతారు. తిరునాళ్ళలో చూసినవాళ్ళు సాక్షులుగా వస్తారు. ఇతను నా భోజనం తినేశాడండీ అంటాడు ముసలాయన. మావాడు అప్పుడు కుర్చీలోంచి లేచిపోయాడు. “ఒరేయ్, వీళ్ళు చూశార్రా!” అన్నాడు. ఆ భోజనం తిన్నది వాడే మరి.

తిరునాళ్ళ, కోర్టు అన్నీ కలిపి గంటో రెండు గంటలో. మొత్తం ఆట ఇరవై చిల్లర గంటలు. దసరా సెలవులకు ఇంటికెళ్ళకుండా హాస్టల్లోనే ఉండి పూర్తిచేశాం. నోటుబుక్కులో పటాలు గీసేవాడు వాడు, ఇంగ్లీషు డిక్షనరీ చూసేవాణ్ణి నేను. అందులో శాపం తగిలి కప్పగా మారిన యోధుడొకడు ఉంటాడు. సెమిస్టర్ పరీక్ష హాల్లో కూర్చుని, ఆ కప్ప రాత్రి ఏ గుహ దగ్గర ఆగిపోయాడో అని ఆలోచించాను. ఆ పేపరు పోయింది. ఆ సంగతి మా నాన్నకి ఇవాళే తెలుస్తోంది.

2008లో కంపెనీ పని మీద నన్ను టోక్యో పంపారు. నిషి కసాయ్‌లో ఉండేవాణ్ణి. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉంటారు, కందిపప్పుకి ఇబ్బంది లేదు. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో పాత కేసెట్లు, డిస్కులు వరసగా పేర్చి ఉంటే చూడ్డమే ఒక పండగ. 2009 జులైలో ‘డ్రాగన్ క్వెస్ట్ 9’ వచ్చినప్పుడు అకిహబారాలో యొదొబాషి దుకాణం ముందు జనం గుమిగూడేవారు. చేతిలో ఆడుకునే చిన్న యంత్రం జేబులో ఉంచుకుని ఒకరి పక్కనుంచి ఒకరు నడిస్తే చాలు, వీళ్ళ ఆటలోని మనిషి వాళ్ళ ఆటలోకి అతిథిగా వెళ్ళేవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అందరూ నవ్వు మొహంతో నిలబడి ఉంటారు. మావాడు అప్పుడు పుణెలో ఉండేవాడు. ప్రతి ఆదివారం రాత్రి ఫోన్. ఇద్దరం ఒకే ఆట ఆడేవాళ్ళం, ఎక్కడిదాకా వచ్చామో చెప్పుకునేవాళ్ళం. ఇంటి సంగతులు, జీతాలు, నా పెళ్ళి సంబంధాలు అన్నీ ఆ ఆట మధ్యలోనే దొర్లేవి. “ఆ మంచు గుడి దాటావా?” అని మొదలెడితేగాని “అమ్మకి ఎలా ఉంది?” అన్నది వచ్చేది కాదు. మగవాళ్ళం కదండీ, ఊరికే ఫోన్ చేసి ఎలా ఉన్నావు అని అడగలేం.

తర్వాత నేను హైదరాబాద్ వచ్చాను, పెళ్ళి, పాప. ఆటలు కూడా పెద్దవయ్యాయి. 2016లో వచ్చిన ‘పెర్సోనా 5’కి సుమారు వంద గంటలు పడుతుంది. మూడేళ్ళ తర్వాత అదే ఆటని ఇంకో టర్మ్ చేర్చి ‘రాయల్’ అని మళ్ళీ విడుదల చేశారు. వంద గంటలంటే ఎంతో మా లెక్కల మాస్టారి ఎదుట చేసి చూపిస్తాను. పాప పడుకున్నాక రాత్రికి నలభై నిమిషాలు, వారానికి అయిదు రాత్రులు. ఆరువేల నిమిషాలు, నూట యాభై రాత్రులు, ముప్పై వారాలు. జూన్‌లో బడి తెరిచినప్పుడు మొదలుపెడితే సంక్రాంతి సెలవులకి పూర్తవుతుంది. అదీ మధ్యలో ఎవరికీ జ్వరాలు రాకుండా ఉంటే.

‘ఫైనల్ ఫాంటసీ 7’ సంగతి చూడండి. 1997లో అది మూడు సీడీల ఆట. మిడ్‌గార్ అనే ఇనుప నగరంలో మొదలవుతుంది. ఆరేడు గంటల్లో ఆ నగరం దాటి బయటికి వస్తే పచ్చటి నేల, ఆకాశం, ఇంత ప్రపంచం ఉందా అనిపిస్తుంది. దాన్ని మళ్ళీ తీస్తున్నారు. 2020లో వచ్చిన మొదటి భాగం ఆ మిడ్‌గార్ ఒక్కటే, ముప్పై అయిదు నలభై గంటలు. 2024లో రెండో భాగం. మూడోది ఇంకా రావాలి. నేను దాన్ని తిట్టడానికి చెప్పడం లేదు. చిన్నప్పుడు నాలుగు చుక్కల బొమ్మగా చూసిన పూలమ్మే అమ్మాయి ఇంటి తోటని అంత దగ్గరగా చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. కానీ ఆ తోట చేరేదాకా పోయిన వాళ్ళ పిల్లుల్ని వెతికాను, ఎలకల్ని కొట్టాను. రెండో భాగంలో ప్రతి ప్రాంతానికీ వెళ్ళి టవర్లెక్కాను. క్రోనో ట్రిగ్గర్‌లోనూ పిల్లి ఉంది. దాన్ని వెతికి ఇచ్చినందుకు ఆ పాప కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. ఇక్కడ పిల్లి దొరికితే జాబితాలో ఒక టిక్కు పడుతుంది.

ఎందుకిలా సాగదీస్తున్నారు? కారణం ఒకటి కాదనుకుంటాను. ఐదువేల రూపాయలు పెట్టి కొన్నవాడు ఎన్ని గంటలొచ్చాయి అని చూసుకుంటాడు. ఇరవై ఏళ్ళప్పుడు నేనూ అలాగే చూసేవాణ్ణి. మెస్సు బిల్లు కట్టడానికే ఇబ్బంది పడే రోజుల్లో పొడుగు ఆటంటే పండగ. జపాన్‌లో ఇంకో సంగతి ఉంది. అక్కడ ఆట పూర్తికాగానే సెకండ్ హ్యాండ్ దుకాణంలో అమ్మేస్తారు. అది కూడదని కంపెనీలు కోర్టుకి వెళితే 2002లో సుప్రీంకోర్టు అమ్ముకోవచ్చని తీర్పిచ్చింది. త్వరగా పూర్తయ్యే ఆట త్వరగా దుకాణం చేరుతుంది. పొడుగుకి ఇదీ ఒక కారణమని నా అనుమానం, రుజువు లేదు. ఇక అమెరికా, ఐరోపా ఆటల్లో విశాలమైన మైదానాలూ, పటం నిండా గుర్తులూ వచ్చాక వీళ్ళూ పోటీకి దిగారు. దానికితోడు ప్రతి మాటా నటులు చదువుతారు. ఒక రహస్యం బయటపడుతుంది. బయటపడగానే అయిదుగురు స్నేహితులూ గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరూ ఆశ్చర్యపోతారు. ఆ రాత్రి ఫోన్ మెసేజీల్లో మళ్ళీ ఆశ్చర్యపోతారు. అయ్యా, నాకు అర్థమైంది, పదండి అనాలనిపిస్తుంది.

పొడుగే తప్పు అనడం లేదు. మన ఊళ్ళో ‘సత్య హరిశ్చంద్ర’ రాత్రి పదికి మొదలైతే తెల్లారేదాకా సాగేది. ఒక్కో పద్యానికి పది నిమిషాల రాగం, దానికి వన్స్ మోర్. ఎవరూ సాగదీశాడు అనలేదు. మా తాతయ్య మధ్యలో గోనెపట్టా మీద పడుకుని, కాటి సీను వస్తే లేపమనేవాడు. లేపితే లేచి, ఏమీ తప్పిపోనట్టే చూసేవాడు. ఈ ఆటల్లో ఆ వీలు లేదు. కునుకు తీస్తే అంతే.

నేను తీశాను. అదే చెప్పడానికొచ్చాను.

మూడేళ్ళ క్రితం ఒక ఆట మొదలుపెట్టాం, ఇద్దరం. పేరు చెప్పను. తప్పు దానిదో నాదో నేనింకా తేల్చుకోలేదు. మావాడు అప్పటికి దుబాయ్ వెళ్ళాడు. నేను డెబ్బై ఒక్క గంటలు ఆడాను. అప్పుడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. రెండు నెలలు రాజమండ్రిలో ఆస్పత్రి, ఇల్లు. ఆయన ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు, ఇవాళ ఇక్కడికి వచ్చారు కూడా. ఆ రెండు నెలల్లో రాత్రిళ్ళు ఖాళీగా కూర్చున్న గంటలు చాలా ఉన్నాయి. ఒక్కసారి కూడా ఆ ఆటలో మనుషులు ఏమయ్యారో అనిపించలేదు. పరీక్ష హాల్లో కప్ప గుర్తొచ్చినవాడికి, డెబ్బై ఒక్క గంటలు కలిసి తిరిగినవాళ్ళు గుర్తు రాలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చి తెరిచాను. ఏదో సంతలో నిలబడి ఉన్నాను. చెయ్యాల్సిన పనుల జాబితాలో నలభై దాకా ఉన్నాయి. ఎవరో ఒకావిడకి ఏదో వేరు తెచ్చి ఇస్తానని మాటిచ్చాను. ఆవిడెవరో తెలియదు. ఏ బటన్ ఎందుకో మరిచిపోయాను. ఎదురైన మొదటి గుంపే నన్ను చంపేసింది. యంత్రం ఆపేసి పడుకున్నాను. మళ్ళీ తెరవలేదు.

ఆదివారం ఫోన్ వచ్చింది. “ఎక్కడిదాకా వచ్చావురా?” అన్నాడు. సముద్రం దాటాను అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. తర్వాత ప్రతి శనివారం రాత్రి ఇంటర్నెట్‌లో ఆ ఆట కథ రెండు అధ్యాయాలు చదివి పెట్టుకునేవాణ్ణి, ఆదివారం అప్పజెప్పేవాణ్ణి. హోంవర్కు కాపీ కొట్టడం ఈ బడిలోనే నేర్చుకున్నాను, మాస్టారూ. అప్పుడూ వాడి నోట్సులోంచే కొట్టేవాణ్ణి. ఇలా నాలుగు నెలలు. చివరికి వాడు ఆట పూర్తిచేశాడు. ఫోన్‌లో గొంతు మారిపోయి ఉంది. నేనూ పూర్తిచేశానన్నాను. చివర్లో ఆ అమ్మాయి అడిగినదానికి ఏం జవాబిచ్చావురా అన్నాడు. నేను చదివిన దాంట్లో ఆ ప్రశ్న లేదు.

“నువ్విచ్చిందేరా” అన్నాను.

“నేనేమిచ్చానో నీకు చెప్పలేదు కదరా” అన్నాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. సరే పడుకో, పొద్దున్న ఆఫీసుంటుంది అని పెట్టేశాడు. తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. నెలకోసారయింది, తర్వాత పండగలకి మెసేజీలు. ఈ స్వర్ణోత్సవాలకి వచ్చినప్పుడే మళ్ళీ ముఖాముఖి. కమిటీవాళ్ళు గదులు సరిపోక ఇద్దర్నీ మా ఇంట్లోనే సర్దుకోమన్నారు.

మొన్న రాత్రి అరుగు మీద కూర్చుని నేను ఇప్పుడు మీకు చెప్పిందంతా వాడికి చెప్పాను. ఇవి మరీ పొడుగు, మనలాంటివాళ్ళ కోసం కాదు, ఇరవై గంటల్లో చెప్పే కథని వందకి లాగుతున్నారు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. పాత ఆటలేం తక్కువా అన్నాడు. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో బలం పెరగడానికి అవే జీవాల్ని గంటల తరబడి కొట్టలేదా, 2000లో వచ్చిన ఏడో భాగంలో మొదటి యుద్ధానికే రెండు మూడు గంటలు నడవలేదా అన్నాడు. నిజమే. నాకు గుర్తున్నవి మంచి ముక్కలు మాత్రమే.

తర్వాత చెప్పాడు. దుబాయ్‌లో రెండేళ్ళు ఒక్కడే గదిలో ఉన్నాడట. డ్యూటీ అయి వచ్చాక మాట్లాడే మనిషి లేడు. “నీకది వంద గంటలు. నాకు వంద గంటలు గదిలో ఎవరో ఉన్నట్టురా. అయిపోతుందేమో అని భయపడి చివర్లో అక్కరలేని పనులన్నీ చేసుకుంటూ కూర్చున్నాను. నువ్వు వేరు ఇవ్వకుండా వదిలేసిన ఆవిడకి నేనిచ్చాను” అన్నాడు. నేను ఆదివారాలు చదివి అప్పజెబుతున్నానని వాడికి రెండో నెలలోనే అనుమానం వచ్చిందట. అడిగితే ఫోన్ చెయ్యడం మానేస్తానేమో అని ఊరుకున్నాడట.

నా అభిప్రాయం మారిందని చెప్పలేను. ఆ ఆటలకి ఇక నాలో ఉత్సాహం లేదు. 2025లో ఫ్రాన్స్‌వాళ్ళు ఈ జపాన్ పద్ధతిలోనే ‘ఎక్స్‌పెడిషన్ 33’ చేశారు. ముప్పై గంటల్లో కథ ముగించారు. జపాన్‌వాళ్ళకీ చేతకాక కాదు. 1994లో వాళ్ళే ‘లైవ్ ఎ లైవ్’ అని చేశారు, 2022లో కొత్త బొమ్మలతో మళ్ళీ తెచ్చారు. ఏడు కాలాల్లో ఏడు చిన్న కథలు, ఏది ముందైనా ఆడవచ్చు, తర్వాత వాటిని కలుపుతూ ముగింపు. ఒక్కో కథ ఒకటి నుంచి నాలుగు గంటలు. అది మావాడి యంత్రంలో ఉంది. నిన్న రాత్రి భోజనాలయ్యాక తీశాడు.

మేం తీసుకున్నది చైనా కథ. ముసలి గురువు. తన విద్య తనతోనే పోతుందని ముగ్గుర్ని శిష్యులుగా తీసుకుంటాడు. ఒక దొంగపిల్ల, ఒక జేబుకత్తెర కుర్రాడు, ఒక తిండిపోతు. రోజూ ఎవరికి నేర్పాలో మనమే ఎంచుకోవాలి. తిండిపోతుకి నేర్పుదామని వాడు, కుర్రాడికని నేను. అమ్మ లోపల్నుంచి “ఒరేయ్, పన్నెండయింది, పడుకోండిరా” అని రెండుసార్లు కేకేసింది. చివరికి కుర్రాడికే ఎక్కువ నేర్పాం. అప్పుడు గురువు ఊళ్ళో లేనప్పుడు పగవాళ్ళు వచ్చి పడతారు. గురువు తిరిగొచ్చేసరికి ఎక్కువ నేర్చుకున్న ఒక్కడే బతికి ఉన్నాడు.

వాడికి అది ముందే తెలుసు. చెప్పలేదు. నేను ఆ తిండిపోతు పడి ఉన్న చోటుకి వెళ్ళి నిలబడ్డాను, బటన్ నొక్కకుండా. వాడు కాసేపాగి, “పదరా, ఇంకా ఉంది” అన్నాడు. రెండు గంటలు కూడా పట్టలేదు మొత్తం.

మాస్టారు గంట వైపు చూస్తున్నారు. నా పదిహేను నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. రాత్రికి ఇంకో కథ ఉంది, రేపు సాయంత్రం వాడికి ఫ్లైటు. సెలవు.